టీమ్‌కి మోటివేషన్ సెషన్: పొద్దున మూడు మార్కులు, మధ్యాహ్నం నాలుగున్నర

మీ ఆఫీసు ఇలాంటి సెషన్‌కి డబ్బు పెట్టబోతుంటే ఒక్క మాట. స్పీకర్ స్టేజీ మీద ఎలా మాట్లాడతాడో వీడియోలు చూసి తెలుసుకోవచ్చు, దాని గురించి అంత బుర్ర పాడుచేసుకోకండి. స్టేజీ ఎక్కకముందు ఎవరితో మాట్లాడతాడు, దిగిన తర్వాత మీ టార్గెట్‌తో ఏం చేయిస్తాడు, ఈ రెండూ అడగండి. మేం అడగలేదు, అయినా అదృష్టం కొద్దీ సగం మంచిదే దొరికింది.

మేమంటే కస్టమర్ సపోర్ట్ టీమ్. పైనుంచి వచ్చిన టార్గెట్ ఏమిటంటే, ఫిర్యాదు వచ్చినప్పటి నుంచి దాని టికెట్, అంటే సిస్టమ్‌లో ఆ ఫిర్యాదు నమోదు, క్లోజ్ అయ్యేదాకా పట్టే టైమ్‌ని ఏడాదిలో సగానికి తగ్గించాలి. మనుషులు పెరగరు, సాఫ్ట్‌వేర్ మారదు, టైమ్ మాత్రం సగం కావాలి. ఆ మాట విన్నరోజు టీమ్‌లో ఎవరూ గొడవ చేయలేదు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు, అది ఇంకా ప్రమాదం. ఆ నవ్వు మేనేజర్ దాకా వెళ్లింది కాబోలు, టీమ్‌లో ఊపు లేదని హెచ్‌ఆర్‌కి చెప్పారు, హెచ్‌ఆర్ వాళ్లు ఒక మోటివేషనల్ స్పీకర్‌ని మాట్లాడారు. పొద్దున ఆఫీసు మొత్తానికి ప్రసంగం, మధ్యాహ్నం మా టీమ్ వరకే వర్క్‌షాప్, తర్వాత కొన్ని వారాలకి ఒక ఫాలో-అప్ కాల్. ఇదీ ప్యాకేజీ. స్పీకర్ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను మెచ్చుకునేవీ విసుక్కునేవీ రెండూ ఈ రంగంలో చాలామందికి వర్తిస్తాయి, అన్నీ ఒక్కరి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

నాకు మొదట నచ్చింది, సెషన్‌కి ముందు ఆయన చేసిన పని. మామూలుగా హెచ్‌ఆర్ వాళ్లు ఒక ఫారం నింపి పంపుతారు, అందులో టీమ్ సైజు, సగటు వయసు, థీమ్ ఏమిటి అని ఉంటుంది, స్పీకర్ ఆ థీమ్ పేరుని మొదటి స్లైడ్ మీద వేసుకుని వచ్చేస్తాడు. ఈయన మేనేజర్‌తో మాట్లాడాక, కింద పనిచేసేవాళ్లలో ఇద్దరు ముగ్గురితో విడిగా మాట్లాడాలని అడిగారట, అదీ మేనేజర్ కాల్‌లో లేకుండా. మా నైట్ షిఫ్ట్ చూసే ఆవిడకి ఫోన్ చేసి, నిన్న రాత్రి మీ దగ్గర ఇరుక్కుపోయిన ఒక టికెట్ గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పండి అన్నారట. ఆవిడ వచ్చి నాతో అన్న మాట, "ఈయన మా పని గురించి మా పైవాళ్లకన్నా ఎక్కువ అడిగాడు" అని.

అంత అడిగి తెలుసుకున్న మనిషి పొద్దున స్టేజీ ఎక్కి ఏం చెప్పాడయ్యా అంటే, గద్ద కథ.

మీరూ వినే ఉంటారు. గద్దకి నలభై ఏళ్లు రాగానే కొండెక్కి ముక్కుని రాతికేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుందట, కొత్త ముక్కు వచ్చాక దాంతో పాత గోళ్లు పీకేసుకుంటుందట, కొత్త గోళ్లు వచ్చాక ఈకలు పీకేసుకుంటుందట, అలా నెలల తరబడి బాధపడి ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుందట. ముక్కు లేని గద్ద అన్ని నెలలు ఏం తిని బతికిందో హాల్లో ఒక్కరూ అడగలేదు. గద్ద ముక్కు మన గోళ్లలాగే జీవితాంతం పెరుగుతూ అరుగుతూ ఉంటుంది, ఈకలు కొన్నికొన్నిగా రాలి కొత్తవి వస్తుంటాయి, ముక్కు ఊడిన పక్షి కొత్త జీవితం మొదలెట్టదు, ఆకలితో చస్తుంది. కథ కల్పితమైతే ఏం, నీతి మంచిదే కదా అంటారు కొందరు. ఆ నీతి కూడా నాకు మింగుడుపడదు. టార్గెట్ కష్టంగా ఉందని చెప్పే ఉద్యోగికి, ముందు నీ ముక్కు నువ్వే విరగ్గొట్టుకో అని చెబుతున్న కథ అది.

పొద్దున భాగాన్ని మొత్తంగా తీసిపారేయను. మనిషికి మైకు మీద పట్టుంది. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆగి హాలుని చూడాలో తెలుసు, వెనక వరసల్లో ఫోన్‌లో తలదూర్చినవాళ్లు కూడా తలెత్తారు. పక్కవాళ్లని లేపి చేతులు కలపండి, "నేను చేయగలను" అని అరవండి లాంటివి పెట్టలేదు, దానికి ప్రత్యేకంగా దండం. స్లైడ్లు తక్కువ, బొమ్మలు ఎక్కువ, చెప్పిన టైమ్‌కి మొదలుపెట్టి చెప్పిన టైమ్‌కి ముగించారు. సరుకు మాత్రం పాతది. అందులో కొంత తప్పు కూడా.

ఉదాహరణకి ఆ మూడు శాతం కథ. 1953లో యేల్ యూనివర్సిటీ నుంచి బయటికొచ్చిన విద్యార్థుల్లో మూడు శాతం మందే తమ లక్ష్యాలు కాగితం మీద రాసుకున్నారని, ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆ మూడు శాతం దగ్గరున్న ఆస్తి మిగతా అందరి ఆస్తికన్నా ఎక్కువని. కొందరు యేల్ తీసేసి హార్వర్డ్ పెడతారు, సంవత్సరం కూడా మారుస్తారు. 1990ల్లో ఒక అమెరికన్ బిజినెస్ పత్రిక దీని గురించి ఆరా తీస్తే, ఈ కథ చెప్పే వక్తలు ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు తప్ప అసలు కాగితం ఎవరూ చూపించలేకపోయారు, యూనివర్సిటీ వైపు నుంచి కూడా అలాంటి అధ్యయనం జరిగిన ఆనవాలు దొరకలేదు. ఇన్నేళ్లయినా ఇంకా స్టేజీల మీద తిరుగుతూనే ఉంది. డబ్బు తీసుకుని వచ్చే స్పీకర్ కనీసం ఒక గంట వెతికి చూసుకోవాలని ఆశించడం గొంతెమ్మ కోరికేం కాదు.

ఇక అన్నింటికన్నా నాకు బాధేసింది ఇంగ్లండ్ పరుగువీరుడు రోజర్ బ్యానిస్టర్ కథని చెప్పిన తీరు. తప్పుడు కథ చెడగొడితే పోయేదేం లేదు, ఇది నిజంగా మంచి కథ. స్టేజీ మీద చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది: నాలుగు నిమిషాల్లోపు మైలు పరిగెత్తడం మనిషి వల్ల కాదని ప్రపంచమంతా నమ్మింది, బ్యానిస్టర్ ఒక్కడు నమ్మలేదు, పరిగెత్తి చూపించాడు, అంతే, మనసులో గోడ కూలింది, ఏడాది తిరక్కముందే పదులకొద్దీ మంది పరిగెత్తేశారు. కాబట్టి మీ టార్గెట్ కూడా మీ మనసులోనే ఉంది. చప్పట్లు.

జరిగింది వేరు. 1945లో స్వీడన్‌కి చెందిన గుండర్ హేగ్ 4 నిమిషాల 1.4 సెకన్లలో మైలు పరిగెత్తాడు, అంటే గోడకి వెంట్రుకవాసి దూరం దాకా అప్పటికే వచ్చేశారు. తర్వాత తొమ్మిదేళ్లు ఆ రికార్డు అలాగే ఉండిపోయింది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో బ్యానిస్టర్ 3 నిమిషాల 59.4 సెకన్లు చేశాడు, కానీ ఒంటరిగా కాదు. మొదట క్రిస్ బ్రాషర్, తర్వాత క్రిస్ చాటవే అతని ముందు పరిగెత్తుతూ వేగం పట్టి ఉంచారు. వాళ్లు ఆ రోజు గెలవడానికి రాలేదు. అంతకుముందు నెలల తరబడి ముగ్గురూ పావు మైలు ముక్కలు కలిసి పరిగెత్తారు, ఒక్కో ముక్క నిమిషంలోపు రావాలని, మధ్యలో కాస్త విశ్రాంతి, మళ్లీ ఇంకో ముక్క, అలా పది. ఒక దశలో 61 సెకన్ల దగ్గర ఇరుక్కుపోయారు, ఎంత చేసినా దిగలేదు. అప్పుడు ట్రైనింగ్ ఆపేసి బ్యానిస్టర్, బ్రాషర్ స్కాట్లాండ్ కొండలెక్కడానికి వెళ్లిపోయారు, తిరిగొచ్చాక దిగింది. రేసు రోజు గాలి గట్టిగా ఉంటే ప్రయత్నించాలా వద్దా అని చివరిదాకా ఊగిసలాడి, గాలి తగ్గాక పరిగెత్తాడు.

ఆ తర్వాత పదులకొద్దీ మంది కూడా రాలేదు. 46 రోజులకి ఫిన్లాండ్‌లో ఆస్ట్రేలియా కుర్రాడు జాన్ లాండీ ఆ రికార్డు కొట్టాడు, అతను అప్పటికే చాలాసార్లు నాలుగు నిమిషాల రెండు సెకన్ల దాకా వచ్చి ఆగినవాడు. ఆ ఏడాదికి కొత్తగా చేరింది అతనొక్కడే. మరుసటి ఏడాది మేలో లండన్‌లో ఒకే రేసులో ముగ్గురు చేశారు, ఆ ముగ్గురిలో ఒకడు ఎవరనుకున్నారు, బ్యానిస్టర్‌కి వేగం పట్టిన చాటవే. ఇప్పుడు చెప్పండి, ఒక టీమ్‌కి చెప్పాల్సిన కథ ఏది? మైలుని నాలుగు ముక్కలు చేశారు, ఒక్కో ముక్కకి అంకె పెట్టుకున్నారు, ఇద్దరు తమ గెలుపు పక్కనపెట్టి మూడోవాడికి ముందు పరిగెత్తారు, పని ముందుకి కదలనప్పుడు ఇంకా గట్టిగా తోయకుండా కొన్నాళ్లు వదిలేశారు, గాలి బాగోని రోజు పంతానికి పోకూడదని ఆలోచించారు. సపోర్ట్ టీమ్‌కి ఇందులో ప్రతి ముక్కా పనికొస్తుంది. మనసులో గోడ అనేసరికి మొత్తం భారం పరిగెత్తేవాడి మీద పడిపోతుంది, వేగం పట్టేవాళ్లని ఇవ్వాల్సిన బాధ్యత ఎవరికీ గుర్తుకురాదు.

చంద్రుడి మీదికి మనిషిని పంపుదామని అమెరికా అధ్యక్షుడు కెనడీ చేసిన ప్రసంగం కూడా వచ్చింది, రాకుండా ఉంటుందా. 1961 మే 25న ఆయన చెప్పింది ఒక సంకల్పం అన్నట్టు మా స్పీకర్ చెప్పారు. ఆ ప్రసంగం చదివితే తెలుస్తుంది, అది అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ల పార్లమెంటు ముందు నిలబడి డబ్బు అడిగిన ప్రసంగం. వచ్చే ఆర్థిక సంవత్సరానికి 531 మిలియన్ డాలర్లు అదనంగా, ఆ తర్వాత ఐదేళ్లకి ఇంకో 7 నుంచి 9 బిలియన్లు కావాలని అంకెలతో చెప్పాడు, కష్టమొస్తే సగం దారిలో ఆగేట్టయితే అసలు బయల్దేరకపోవడమే మేలు అని కూడా అన్నాడు. 1966 వచ్చేసరికి అమెరికా ప్రభుత్వ ఖర్చులో నాలుగు శాతం పైన నాసాకే వెళ్లింది. మా మేనేజర్ ఆ ప్రసంగం క్లిప్‌కి చప్పట్లు కొడుతుంటే నా పక్కన కూర్చున్న కుర్రాడు మెల్లగా అన్నాడు, "సార్ మనకి ఒక హెడ్‌సెట్ కూడా కొత్తది ఇవ్వలేదు కదా" అని. ఆ రోజు నేను విన్న మంచి వాక్యాల్లో అదొకటి.

పొద్దుటి భాగానికి ఐదుకి మూడు. ఆ మూడూ గొంతుకి, టైమ్ పాటించినందుకు.

మధ్యాహ్నం అదే స్పీకర్‌లో వేరే మనిషిని చూశాను. స్టేజీ లేదు, మైకు లేదు, కుర్చీలు గుండ్రంగా వేయించారు. మేనేజర్ పొద్దునే మొదటి వరసలో కూర్చుని, మధ్యాహ్నం "మీరు కానివ్వండి, నాకు మీటింగ్ ఉంది" అని లేవబోతే, "మీరు లేకపోతే ఇది నడవదండీ" అని మర్యాదగానే ఆపేశారు. ఆయన కూర్చున్నారు.

మొదట స్పీకర్ చెప్పింది కలప లారీల కథ. అప్పటిదాకా నేనెప్పుడూ ఏ స్టేజీ మీదా వినలేదు, తర్వాత చదివి చూసుకున్నాను, నిజమే. గ్యారీ లేథమ్, బాల్డీస్ అనే పరిశోధకులు 1975లో ప్రచురించింది. అమెరికాలో కలప దుంగలు మోసే లారీలు చట్టం అనుమతించిన బరువులో సుమారు 60 శాతమే నింపుకుని తిరుగుతున్నాయి. డ్రైవర్లకి "మీకు చేతనైనంత బాగా చేయండి" అని చెబితే ఏమీ మారలేదు. అప్పుడు 94 శాతం అని ఒక కచ్చితమైన, కష్టమైన అంకె ఇచ్చారు. ప్రసంగాల్లేవు, బోనస్‌ల్లేవు. అంకె అందుకోకపోతే ఎవరికీ శిక్ష ఉండదని కూడా ముందే చెప్పారు. మొదటి నెల బాగా పెరిగింది, రెండో నెల తగ్గింది. శిక్ష లేదన్న మాట నిజమో కాదో డ్రైవర్లు పరీక్షించి చూశారన్నమాట. ఎవరికీ ఏమీ కాలేదు. మూడో నెలకి 90 శాతం దాటింది, ఆ తర్వాత అక్కడే నిలబడింది.

ఆ రెండో నెల గురించి చెప్పి ఆగి, మేనేజర్ వైపు చూసి, "మీ దగ్గర రెండో నెలలో ఏం జరుగుతుంది?" అని అడిగారు. గదిలో ఎవరూ కదల్లేదు. మా దగ్గర ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, వారం రివ్యూలో ఎర్ర రంగు గడి పక్కన పేరు పెట్టి స్క్రీన్ మీద చూపిస్తారు.

ఈ కథ పొద్దున ఎందుకు చెప్పలేదో నాకు అర్థమైంది అనుకుంటా. గద్ద కథకి హాలంతా చప్పట్లు వస్తాయి, లారీ కథకి మేనేజర్లు ఇబ్బంది పడతారు. పిలిచేవాళ్లు కొనేది చప్పట్లు, కాబట్టి స్పీకర్లు అదే అమ్ముతారు. ఇందులో తప్పు స్పీకర్లదొక్కటే అనలేం.

తర్వాత చేయించిన పనికి ఒక పేరుంది, ప్రీమార్టెమ్ అంటారు, గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు ప్రచారంలోకి తెచ్చాడు. ఏడాది అయిపోయింది, టార్గెట్ ఘోరంగా ఫెయిలైంది అనుకోండి, ఎందుకు ఫెయిలైందో చీటీ మీద రాయండి, పేర్లు వద్దు, చేతిరాత గుర్తుపడతారనుకుంటే పెద్దక్షరాల్లో రాయండి అన్నారు. ఏం తప్పు జరగొచ్చు అని అడిగితే జనం మొహమాటపడతారు, ఆల్రెడీ జరిగిపోయింది, కారణం చెప్పు అంటే నోరు లేస్తుంది, అదీ దీని కిటుకు. చీటీలు ఆయనే చదివారు. రీఫండ్ ఎంత చిన్నదైనా ఫైనాన్స్ అప్రూవల్‌కి వెళ్లి రోజులు పడుతోంది అని సగం మంది దాకా రాశారు. ఒకే ఫిర్యాదుని రెండు సిస్టమ్‌లలో విడివిడిగా టైప్ చేయాల్సి రావడం, రాత్రి షిఫ్ట్‌లో నిర్ణయం తీసుకునేవాళ్లు ఎవరూ ఉండకపోవడం, ఇవి తర్వాత. ఒక చీటీలో మాత్రం ఇలా ఉంది: "టార్గెట్ అందుకున్నాం. పని అవ్వకుండానే టికెట్లు క్లోజ్ చేశాం."

ఇది చదివాక ఆయన మాకు ఫోర్డ్ పింటో సంగతి గుర్తుచేశారు. 1960ల చివర్లో 2,000 పౌండ్ల బరువు దాటకూడదు, 2,000 డాలర్ల ధర దాటకూడదు, 1970కల్లా మార్కెట్లో ఉండాలి అని పెట్టుకున్న టార్గెట్‌తో తయారైన కారు. టైమ్‌కి వచ్చింది. వెనకనుంచి గుద్దితే పెట్రోల్ ట్యాంకు అంటుకునే ప్రమాదంతో వచ్చింది, 1978లో 15 లక్షల కార్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది. అంకె బిగించిన కొద్దీ జనం అంకెలో లేనిదాన్ని వదిలేస్తారు, చెడ్డవాళ్లు కాబట్టి కాదు, మీరు కొలిచేది అదొక్కటే కాబట్టి. అందుకని మా టార్గెట్ పక్కన ఇంకో అంకె పెట్టించారు, క్లోజ్ చేశాక కస్టమర్ మళ్లీ తెరిపించిన టికెట్లు ఎన్ని అని. మొదటి అంకె తగ్గుతూ రెండోది పెరిగితే పండగ చేసుకోకూడదని ఒప్పందం. మోటివేషన్ పేరుతో వచ్చిన మనిషి కొలత మార్చి వెళ్లడం నాకు భలే నచ్చింది.

తర్వాత మేనేజర్‌ని అడిగారు, ఈ చీటీల్లో మీ చేతిలో ఉన్నది ఒక్కటి, ఎప్పటిలోగా తీరుస్తారు అని. "చూద్దాం" అన్నారు మేనేజర్. "చూద్దాం అనే తేదీ నా క్యాలెండర్‌లో లేదండీ" అన్నారు ఈయన, అందరూ నవ్వారు, మేనేజర్ కూడా నవ్వారు, ఆ నవ్వులోనే చిన్న రీఫండ్లని టీమ్‌లోనే ఓకే చేసుకునే అధికారం కోసం ఫైనాన్స్‌తో మాట్లాడతానని తేదీతో సహా చెప్పాల్సి వచ్చింది. ఇలాంటిది టీమ్‌లోవాళ్లు అడిగితే ఎదురుచెప్పినట్టు ఉంటుంది, బయటివాడు నవ్వుతూ అడిగితే అదే మాట పని అవుతుంది. బయటి మనిషికి ఇచ్చే ఫీజులో సగం దీనికే ఇస్తున్నామనుకుంటే ఖరీదు అనిపించదు.

చివర్లో ఒక్కొక్కరితో "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అన్న వాక్యం రాయించారు. పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన పరిశోధన నుంచి వచ్చిన పద్ధతి ఇది, ఎప్పుడు ఎక్కడ ఎలా చేస్తామో ముందే కట్టేసుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుందని అందులో ఉంది. నైట్ షిఫ్ట్ ఆవిడ రాసింది: "టికెట్ రెండు గంటలు కదలకపోతే, ఇంకో మెయిల్ పెట్టను, ఫోన్ చేస్తాను." కొందరు మాత్రం "ఒత్తిడి వస్తే పాజిటివ్‌గా ఉంటాను" అని రాశారు, ఆయన వాటిని ఇంకా పిండాల్సింది, టైమ్ అయిపోతోందని వదిలేశారు. అర మార్కు అక్కడే పోయింది.

సెషన్ అవ్వగానే ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఇచ్చారు, అందరూ ఐదుకి ఐదు పెట్టారు, హెచ్‌ఆర్ ఆ సగటుని మెయిల్ చేసింది. ట్రైనింగ్‌ని ఎలా అంచనా వేయాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు మెట్లుగా చెప్పాడు: జనానికి నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, పనిలో ప్రవర్తన మారిందా, ఫలితం మారిందా. చప్పట్ల వేడి చల్లారకముందే నింపించే ఫారం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆ ఫారంలో పొద్దున భాగానికి మధ్యాహ్నం భాగం కన్నా ఎక్కువ మార్కులొచ్చాయి, అది కూడా గమనించండి.

ఫాలో-అప్ కాల్ సంగతి ఎక్కువ రాయను, రాయడానికేం లేదు. వీడియో కాల్‌లో పెట్టారు, షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు చేరలేకపోయారు, చేరినవాళ్లలో చాలామంది మ్యూట్‌లో ఉన్నారు, ఎవరి వాక్యం ఏమైంది అని ఒక్కొక్కరినీ అడిగితే సరిపోయేది, దాని బదులు పట్టుదల గురించి ఇంకో చిన్న ప్రసంగం. ఐదుకి ఒకటిన్నర.

మరి టార్గెట్ ఏమైంది అని అడుగుతారు. సగానికైతే తగ్గలేదు. తగ్గిందన్నది మాత్రం నిజం, దానికి పెద్ద కారణం చిన్న రీఫండ్ల అధికారం టీమ్ చేతికి రావడమే, మేనేజర్ చెప్పిన తేదీకి కాస్త ఆలస్యంగానైనా తెచ్చారు. తిరిగి తెరిపించిన టికెట్ల అంకె రివ్యూలో ఇప్పటికీ చూస్తున్నారు. రెండు సిస్టమ్‌లలో టైప్ చేయడం అలాగే ఉంది, అది వేరే డిపార్ట్‌మెంట్ బడ్జెట్. ఎర్ర గడి పక్కన పేర్లు కొన్నాళ్లు పోయి మళ్లీ వచ్చాయి. ఇందులో స్పీకర్ వాటా ఎంత అంటే, అప్రూవల్ మాట బయటపెట్టించినంత. అది చిన్నదేం కాదు, మేం ఎప్పటినుంచో మాలో మేం గొణుక్కుంటున్న విషయమే మరి.

ఇలాంటి సర్వీస్ ఎవరికి పనికొస్తుంది అన్నదాని మీద నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. 2011లో సిట్కిన్, ఆయన తోటి పరిశోధకులు ఒక వింత సంగతి రాశారు: దాదాపు అసాధ్యమనిపించే టార్గెట్లు పెట్టుకుని బాగుపడగలిగేవి ఈమధ్యే విజయాలు చూసి, చేతిలో కాస్త మిగులు ఉన్న సంస్థలు, కానీ అలాంటి టార్గెట్లు ఎక్కువగా పెట్టుకునేవి దెబ్బతిని, మిగులు లేక, గట్టెక్కాలని చూస్తున్న సంస్థలు. మీ ఆఫీసు ఆ రెండో రకమైతే, మనుషుల్ని తీసేస్తున్నారనో జీతాలు పెంచలేదనో టీమ్ టెన్షన్‌లో ఉంటే, దయచేసి స్పీకర్‌ని పిలవకండి. ఆ డబ్బుతో ఏదైనా ఒక్క అడ్డు తీసేయండి. అలాంటప్పుడు ఊపునిచ్చే ప్రసంగం పెడితే జనానికి అది పుండు మీద కారంలాగే తగులుతుంది, తర్వాత మీరు నిజంగా మంచి మాట చెప్పినా నమ్మరు.

పరిస్థితి బాగానే ఉండి, పని పెద్దది తలపెట్టి, టీమ్ మాత్రం నవ్వుకుంటోందంటే పిలవండి. బుక్ చేసేముందు స్పీకర్‌ని అడగాల్సింది నేను పైనే చెప్పాను, ఇంకొకటి కలపండి: మీరు చెప్పే అధ్యయనాల్లో ఒకదాని అసలు కాగితం పంపగలరా అని. ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబుని బట్టి చాలా తెలిసిపోతుంది. గత క్లయింట్ల నుంచి పొగడ్తల వీడియోలు పంపుతారు, వాటిని పక్కనపెట్టి, ఆర్నెల్ల క్రితం సెషన్ పెట్టించుకున్న ఒక టీమ్ లీడ్‌తో మాట్లాడించమనండి. ఫాలో-అప్ ఉంటే అది ఎవరితో, ఎంతసేపు, షిఫ్టుల్లో ఉన్నవాళ్ల సంగతేంటి అన్నది రాతలో తీసుకోండి, మా దగ్గర అదే లోపించింది.

మళ్లీ పిలుద్దామా అని ఈమధ్య హెచ్‌ఆర్ అడిగితే, మధ్యాహ్నం భాగానికి మాత్రమే కొటేషన్ తెప్పించమన్నాను. విడిగా ఇస్తామన్నారు, కానీ రెండు షరతులు పెట్టారు: ఒక గదికి పాతికమందిని మించి ఉండకూడదు, మేనేజర్ మొదటి నుంచి చివరిదాకా కూర్చోవాలి. మొదటిదానికి అందరూ సరే అన్నారు, రెండోదానికి మేనేజర్ క్యాలెండర్ చూసి చెబుతామన్నారు.